తరువాతి అడుగుకు కావలసింది ఎంత?

ఒకే గణిత నియమాన్ని లక్షల సార్లు, కోట్ల సార్లు వరుసగా వర్తింపజేస్తూ, ఒక ఆవృత్తిలో వచ్చిన ఫలితాన్ని తరువాతి ఆవృత్తికి అందించే లెక్కను పునరావృత గణన అంటారు. వాతావరణ నమూనాలు, బ్యాంకుల నష్టభయపు అంచనాలు, ప్రోటీన్ల కదలికల అనుకరణలు, మెషిన్ లెర్నింగ్ నమూనాలకు ఇచ్చే శిక్షణ, ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఇటువంటి గణన పది నిమిషాల్లో ముగిసేదైతే అది ఎంత మెమరీ వాడుకుంటున్నదో ఎవరూ పట్టించుకోనక్కరలేదు. అదే గణన రాత్రంతానో వారం రోజులో నడవవలసి వచ్చినప్పుడు మాత్రం, ఆవృత్తికి ఒక కిలోబైటు చొప్పున మిగిలిపోయినా కోటి ఆవృత్తులు పూర్తయ్యేసరికి పది గిగాబైట్లు పోగుపడతాయి గనుక, చిన్న అశ్రద్ధ కూడా గణనను మధ్యలోనే ఆపివేస్తుంది.

ఇక్కడ మెమరీ అంటే ర్యామ్, అంటే ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ దాని అంకెలు నిలిచే తాత్కాలిక స్థలం. ఆ స్థలం ఆగకుండా పెరుగుతూ పోతే దాన్ని చాలామంది వెంటనే మెమరీ లీక్ అని పిలుస్తారు. కచ్చితంగా చెప్పాలంటే, ప్రోగ్రామ్‌కు ఇక చేరుకునే దారే లేకుండా పోయిన స్థలం విడుదల కాకుండా ఉండిపోవడమే లీక్. పైథాన్, జావా, మ్యాథమాటికా వంటి వాటిలో చెత్త ఏరివేత యంత్రాంగం దానంతట అదే పనిచేస్తుంది కాబట్టి అటువంటి లీకులు అరుదు. వాటిలో తరచుగా కనిపించేది నిలుపుదల: ప్రోగ్రామ్ రాసినవారు తెలిసో తెలియకో ఏదో ఒక పేరుతో పట్టుకుని వదలని పాత ఫలితాల పోగు. లీక్ అయితే తప్పు భాషదో లైబ్రరీదో కావచ్చు. నిలుపుదల అయితే ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం ఎక్కడా జరగలేదని అర్థం. ఈ అధ్యాయం ప్రధానంగా ఆ నిర్ణయం గురించే.

హైదరాబాద్‌లో నార్సింగి నుంచి కోకాపేట, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి వరకు పరుచుకున్న ఐటీ ప్రాంతంలో ఈ సమస్యకు పరిశోధన వైపు నుంచి ఒక మంచి ఉదాహరణ ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ హైదరాబాద్ కేంద్రం, 2017లో గోపన్‌పల్లిలోని సొంత ప్రాంగణానికి తరలకముందు, నార్సింగిలోని బృందావన్ కాలనీలో తాత్కాలిక ప్రాంగణంలో పనిచేసింది. ఆ కేంద్రంలో సాగే పరిశోధనల్లో మాలిక్యులర్ డైనమిక్స్ ఒకటి. ఈ పద్ధతిలో ద్రవంలోనో ప్రోటీన్‌లోనో ఉన్న ప్రతి పరమాణువు మీద పనిచేసే బలాన్ని లెక్కించి, న్యూటన్ సూత్రాల ప్రకారం దాన్ని అతి కొద్దిగా కదిలించి, మళ్లీ బలాలను లెక్కించి, మళ్లీ కదిలిస్తారు. ఒక్కో కదలికకు సాధారణంగా తీసుకునే కాలం రెండు ఫెమ్టోసెకన్లు. సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకను.

ఈ లెక్కన ఒక మైక్రోసెకను నిడివి గల అనుకరణకు 50 కోట్ల అడుగులు కావాలి. లక్ష పరమాణువుల వ్యవస్థలో ప్రతి పరమాణువుకు మూడు నిరూపకాలు, ఒక్కో నిరూపకానికి నాలుగు బైట్లు అనుకుంటే, ఒక అడుగులోని స్థానాలకు 1.2 మెగాబైట్లు సరిపోతాయి. అన్ని అడుగులనూ మెమరీలో పేర్చుకుంటూ పోతే 600 టెరాబైట్లు అవుతాయి. అయినా ఈ అనుకరణలు మామూలు యంత్రాల మీద నడుస్తున్నాయంటే కారణం ఒక్కటే: తరువాతి అడుగు వేయడానికి ఇప్పటి స్థానాలు, ఇప్పటి వేగాలు ఉంటే చాలు, నిన్నటివి అక్కరలేదు. గ్రోమాక్స్ వంటి ప్యాకేజీలు ఆ వర్తమాన స్థితిని మాత్రమే మెమరీలో ఉంచుకుని, విశ్లేషణకు కావలసిన స్థానాల చిత్రాలను నిర్ణీత విరామాల్లో డిస్కు మీదికి రాసి వదిలేస్తాయి. ప్రతి 5,000 అడుగులకు ఒక చిత్రం రాస్తే లక్ష చిత్రాలు, కుదించకముందు 120 గిగాబైట్లు డిస్కు మీద పడతాయి. మెమరీ మాత్రం మొదటి నిమిషంలో ఎంత ఉందో చివరి నిమిషంలోనూ అంతే ఉంటుంది.

తరువాతి అడుగుకు చాలినంత సమాచారాన్ని ఆ గణన యొక్క స్థితి అంటారు. చిట్టా పుస్తకం రాసే వ్యాపారి పేజీ నిండగానే పాత పద్దులన్నింటినీ తిరిగి రాయకుండా ‘ముందు నిల్వ’ అని ఒక్క అంకెను కొత్త పేజీకి ఎక్కించుకున్నట్టే, గణన రాసేవారు కూడా లూప్ మొదలుపెట్టకముందే తమ లెక్కలో ముందు నిల్వ ఏమిటో ఒక కాగితం మీద రాసుకోవాలి. లూప్ అంటే ఆవృత్తులను నడిపే ప్రోగ్రామ్ భాగం. ఈ పని చాలామంది చేయరు. ముందుగా ఒక ఖాళీ జాబితా తెరిచి, ప్రతి ఫలితాన్నీ దాని చివర చేర్చుకుంటూ పోయి, ఏది కావాలో తరువాత చూసుకుందామనుకోవడమే వారికి అలవాటు. చిన్న లెక్కల్లో ఆ అలవాటుకు శిక్ష పడదు కాబట్టి అది ముదిరిపోతుంది.

ఎంత సమాచారం చాలు అన్న ప్రశ్నకు గణాంక శాస్త్రం కంప్యూటర్లు రాకముందే సమాధానం వెతికింది. 1922లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ప్రతిపాదించిన భావన ప్రకారం, ఒక తెలియని రాశిని అంచనా వేయడానికి మొత్తం దత్తాంశం ఎంత సమాచారం ఇస్తుందో అంతే సమాచారాన్ని కొన్ని సారాంశపు అంకెలు ఇవ్వగలిగితే, ఆ అంకెలను పర్యాప్త గణాంకం అంటారు. తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో ప్రచురించిన పత్రంలో ఈ భావనను మరో మెట్టు ఎక్కించారు. ఏ అంచనా సూత్రాన్నైనా పర్యాప్త గణాంకం ఆధారంగా సగటు చేసి తిరగరాస్తే దాని కచ్చితత్వం పెరగవచ్చునే గాని తగ్గదని ఆయన చూపారు. 1947లో గణాంక శాస్త్రవేత్త బ్లాక్‌వెల్ స్వతంత్రంగా అదే ఫలితానికి రావడంతో అది రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా స్థిరపడింది. రావు పేరిట నడుస్తున్న గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉంది, ఆ దారికీ ఆయన పేరే ఉంది. ఐటీ ఉద్యోగులు రోజూ ఆ దారిన వెళుతూ, కార్యాలయంలో కోటి అంకెల జాబితాలను పేరుస్తూ ఉండడం కొంత విచిత్రమే.

ఆ సిద్ధాంతం నుంచి రోజువారీ పనికి దిగే ఫలం స్పష్టమైనది. దత్తాంశం సాధారణ విభాజనాన్ని, అంటే గంట ఆకారపు వక్రరేఖను, అనుసరిస్తుంటే దాని సగటు, విస్తృతి తెలుసుకోవడానికి మూడు అంకెలు చాలు: ఎన్ని విలువలు వచ్చాయి, వాటి మొత్తం ఎంత, వాటి వర్గాల మొత్తం ఎంత. విస్తృతి అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. కోటి విలువలు వచ్చినా, వంద కోట్లు వచ్చినా ఈ మూడింటికి పట్టే స్థలం మారదు.

అయితే వర్గాల మొత్తాన్ని నేరుగా పెంచుకుంటూ పోవడంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. విలువలన్నీ 100 కోట్ల చుట్టూ ఉండి, తమలో తాము ఒకటి రెండు మాత్రమే తేడా పడుతున్నాయనుకుంటే, ఒక్కో వర్గం ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలంత ఉంటుంది. ఎనిమిది బైట్ల దశాంశ సంఖ్య ఆ పరిమాణం వద్ద 128 కన్నా చిన్న తేడాను గుర్తించలేదు గనుక, అసలు కావలసిన చిన్న తేడా కాస్తా ఆ పెద్ద అంకెల్లో మాయమైపోతుంది. దీనికి విరుగుడుగా వెల్‌ఫోర్డ్ 1962లో ఇచ్చిన పద్ధతిలో కూడా మూడు అంకెలే ఉంటాయి గాని, మొత్తాలకు బదులు నడుస్తున్న సగటును, దాని నుంచి వ్యత్యాసాల వర్గాల పోగును ఉంచుకుంటారు. కొత్త విలువ రాగానే పాత సగటుతో దాని తేడా తీసి, ఆ తేడాను, కొత్త విలువతో కలిపి ఇప్పటివరకు వచ్చిన విలువల సంఖ్యతో భాగించి సగటుకు కలుపుతారు. ఆ తరువాత పాత సగటుతో ఉన్న తేడాను, కొత్త సగటుతో ఉన్న తేడాను గుణించి పోగుకు చేరుస్తారు. చివరలో పోగును విలువల సంఖ్యకు ఒకటి తక్కువతో భాగిస్తే విస్తృతి వస్తుంది. మెమరీ పెరగదు, కచ్చితత్వమూ చెడదు. దీర్ఘ గణనలు చేసే ప్రతివారికీ ఈ కొద్ది వాక్యాల పద్ధతి నోటికి వచ్చి ఉండాలి.

అన్ని ప్రశ్నలకూ ఇంత చిన్న ముందు నిల్వ దొరకదన్నది కూడా ఒప్పుకోవలసిందే. మధ్యమ విలువను, అంటే విలువలను వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ నిలిచేదాన్ని, కచ్చితంగా కనుక్కోవడానికి మూడు అంకెలు చాలవు. అటువంటి చోట ఉజ్జాయింపుతో తృప్తిపడగలిగితే రిజర్వాయర్ శాంప్లింగ్ ఉపయోగపడుతుంది. పది వేల విలువల స్థలం కేటాయించుకుని, అది నిండిన తరువాత వచ్చే ఒక్కో విలువను పది వేలను అప్పటివరకు వచ్చిన విలువల సంఖ్యతో భాగించగా వచ్చే సంభావ్యతతో లోపలికి తీసుకుని, తీసుకున్నప్పుడు లోపల ఉన్నవాటిలో ఏదో ఒకదాన్ని యాదృచ్ఛికంగా తొలగిస్తే, ఏ క్షణంలో చూసినా ఆ పది వేలూ మొత్తానికి నిష్పాక్షికమైన నమూనాగా ఉంటాయి.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కార్యాలయాల్లో చేసే రకం మాంటె కార్లో లెక్కకు, అంటే యాదృచ్ఛిక సంఖ్యలతో భవిష్యత్తు ధరల దారులను ఊహించి చూసే లెక్కకు, ఇదే సూత్రం వర్తిస్తుంది. పది లక్షల దారులు, ఏడాదికి 252 వ్యాపార దినాలు, విలువకు ఎనిమిది బైట్లు చొప్పున ఒక్క షేరుకే దాదాపు రెండు గిగాబైట్లు అవుతాయి; యాభై షేర్లకు వంద. గడువు రోజు ధర మాత్రమే కావలసిన ఒప్పందానికి ప్రతి దారిలోనూ తాజా ధర ఒక్కటే ఉంచుకుంటే ఎనిమిది మెగాబైట్లు సరిపోతాయి. ఏడాది సగటు ధర కావాలంటే దాని పక్కన నడుస్తున్న మొత్తం చేర్చి పదహారు. ఒప్పందం ఏ ప్రశ్న అడుగుతున్నదో చదవకుండా ప్రోగ్రామ్ రాయడం వల్లనే మిగతా గిగాబైట్లు ఖర్చవుతాయి.

ఇప్పటివరకు చెప్పినది ఫలితాల సంఖ్య పెరగడం గురించి. ఫలితం తనంతట తానే లావెక్కడం మరో రకం పెరుగుదల, ఇది పసిగట్టడం కష్టం. లఘుగురువుల అమరికలను లెక్కించడానికి విరహాంకుడు, హేమచంద్రుడు వాడిన శ్రేణిని, నేడు ఫిబొనాచ్చీ పేరుతో పిలిచేదాన్ని, ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో పది లక్షలవ సంఖ్యకు 2,08,988 అంకెలు ఉంటాయి, దానికి సుమారు 87 కిలోబైట్లు పడతాయి. చివరి రెండు సంఖ్యలను మాత్రమే ఉంచుకుంటూ అక్కడికి చేరితే 200 కిలోబైట్ల లోపే పని అయిపోతుంది. దారిలో వచ్చిన ప్రతి సంఖ్యనూ దాచుకుంటే సుమారు 43 గిగాబైట్లు కావాలి.

ఈ శ్రేణిలో పెరుగుదల కనీసం నెమ్మదిగా సాగుతుంది. ఒక విలువను నాలుగు రెట్లు చేసి, ఒకటి నుంచి ఆ విలువను తీసివేయగా మిగిలినదానితో గుణించే లాజిస్టిక్ సూత్రాన్ని, మూడింట ఒకటితో మొదలుపెట్టి కచ్చితమైన భిన్నాలతో నడిపిస్తే, 1/3 తరువాత 8/9, ఆపై 32/81 వస్తాయి. హారం ప్రతి అడుగులోనూ తన వర్గంగా మారుతుంది. ముప్పయ్యవ అడుగున హారంలో 51 కోట్ల పైచిలుకు అంకెలు ఉంటాయి, దానికే 213 మెగాబైట్లు పోతాయి. ముప్పయ్యారవ అడుగుకు అది 13 గిగాబైట్లు దాటుతుంది. ఈ లూప్‌లో జాబితా లేదు, దాచుకున్న పాత ఫలితం లేదు, స్థితి ఒక్కటే సంఖ్య. అయినా 16 గిగాబైట్ల ల్యాప్‌టాప్ నలభై అడుగులు కూడా వేయలేదు. ర్యామ్‌ను రెట్టింపు చేస్తే మరొక్క అడుగు పడుతుంది. ఇక్కడ మందు ఒక్కటే: ఎన్ని అంకెల కచ్చితత్వం కావాలో ముందే తేల్చుకుని ప్రతి అడుగులోనూ అక్కడికి కుదించడం. బీజగణిత రాశులను గుర్తులుగానే ఉంచి నడిపే గణనలకూ ఇదే గతి పడుతుంది; వాటిని ప్రతి ఆవృత్తిలోనూ సూక్ష్మీకరించకపోతే సూత్రం పేజీల కొద్దీ పెరుగుతుంది.

ఇక రాసినవారికి తెలియకుండా పాత ఫలితాలను పట్టుకునే చోట్లు ఉన్నాయి. మ్యాథమాటికా ప్రతి ఆదేశపు ఫలితాన్ని అవుట్ అన్న పేరుతో వరుస సంఖ్య వేసి దాచుకుంటుంది, ఎన్ని దాచాలన్న పరిమితి మొదట అనంతంగా ఉంటుంది. హిస్టరీలెంగ్త్ అన్న అమరికను సున్నా చేస్తే ఆ దాపరికం ఆగుతుంది. జుపిటర్ నోట్‌బుక్‌లో పైథాన్ కూడా తెరపై చూపిన ఫలితాలను ఇలాగే ఉంచుకుంటుంది. ఆదేశం చివర సెమికోలన్ పెడితే జుపిటర్ చూపదు, దాచదు; మ్యాథమాటికా చూపకపోయినా దాచుతుంది. ఒకదాని అలవాటుతో రెండోదాన్ని వాడేవారు ఇక్కడే దెబ్బతింటారు.

ఒకసారి లెక్కించిన విలువను మళ్లీ లెక్కించకుండా ఉంచుకునే క్యాష్ మరొక చోటు. పైథాన్‌లో ఎల్‌ఆర్‌యూ క్యాష్ ఏమీ చెప్పకపోతే ఇటీవల వాడిన 128 విలువలను ఉంచుకుని మిగతావాటిని వదిలేస్తుంది, పైథాన్ 3.9లో వచ్చిన సాదా క్యాష్‌కు హద్దే లేదు. దశాంశ సంఖ్యలను తీసుకునే ఫంక్షన్‌కు హద్దులేని క్యాష్ తగిలించడం దాదాపు ఎప్పుడూ పొరపాటే, ఎందుకంటే దశాంశ స్థానాలన్నీ సరిపోయేలా అదే విలువ మళ్లీ రావడం అరుదు. ఎన్నిసార్లు క్యాష్ పనికివచ్చిందో, ఎన్నిసార్లు రాలేదో క్యాష్ ఇన్ఫో చెబుతుంది. పనికివచ్చిన సంఖ్య సున్నా దగ్గరే ఉంటే దాన్ని తీసివేయాలి. పైథాన్ లెక్కల లైబ్రరీ నమ్‌పైలో పెద్ద పట్టిక నుంచి ముక్క కోసినప్పుడు ఆ ముక్క సాధారణంగా కొత్త ప్రతి కాదు, పాత పట్టికలోకి తెరిచిన కిటికీ మాత్రమే. కోటి విలువల పట్టిక నుంచి పది విలువలు దాచుకున్నా 80 మెగాబైట్లూ బతికే ఉంటాయి, కాబట్టి ఆ పదింటికి ప్రతి తీసి దాచాలి. మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ పైటార్చ్‌లో ప్రతి ఆవృత్తి లాస్‌ను, అంటే దోషపు కొలతను, నేరుగా ఒక మొత్తానికి కలుపుతూ పోతే, అంకెతో పాటు అది ఎలా పుట్టిందో చెప్పే గణన వంశవృక్షమంతా వెంట వస్తుంది. ఐటమ్ అన్న ఆదేశంతో వట్టి అంకెను తీసుకుంటే ఆ బరువు ఉండదు.

వీటిలో ఏది జరుగుతున్నదో ఊహించడం కన్నా కొలవడం మేలు. వెయ్యి ఆవృత్తులకోసారి ప్రోగ్రామ్ వాడుతున్న అసలు ర్యామ్‌ను, లినక్స్‌లో ఆర్‌ఎస్‌ఎస్ అని పిలిచే అంకెను, ఆవృత్తి సంఖ్యతో పాటు ఒక ఫైలులో రాయించి, తరువాత గీత గీసి చూడాలి. మొదట ఎక్కి ఆ తరువాత చదునైన గీత ఆరోగ్య లక్షణం. క్యాష్‌లు, లైబ్రరీలు కుదురుకున్నాయని దాని అర్థం. ఏటవాలుగా తిన్నగా ఎక్కే గీత నిలుపుదలకు గుర్తు, దాని వాలును బట్టి ఆవృత్తికి ఎన్ని బైట్లు మిగులుతున్నాయో తేలుతుంది, ఆ సంఖ్య చాలాసార్లు దొంగను పట్టిస్తుంది: ఎనిమిదికి చేరువైతే ఎవరో ఒక్కో దశాంశ సంఖ్యను పేరుస్తున్నారు, పట్టిక పరిమాణంతో సమానమైతే పట్టికనే. అడుగడుగుకూ నిటారుగా లేచే గీత సంఖ్యే లావెక్కుతున్నదని చెబుతుంది. పైథాన్‌తో పాటే వచ్చే ట్రేస్‌మాలాక్ పరికరం రెండు క్షణాల మధ్య ఏ వరుసలో ఎంత మెమరీ పెరిగిందో కూడా చూపుతుంది, అయితే అది గణనను నెమ్మదింపజేస్తుంది గనుక చిన్న ప్రయోగాల్లోనే వాడాలి.

పాత ఫలితాలను వదిలేసినా గీత దిగని సందర్భమూ ఉంది. పైథాన్ చిన్న వస్తువులను పెద్ద గదుల్లో పక్కపక్కన సర్దుతుంది; గదిలో ఒక్క వస్తువు మిగిలినా ఆ గది మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి వెళ్లదు. అటువంటప్పుడు ప్రోగ్రామ్‌లో తప్పు వెతకడం కాలహరణం. పనిని వేరే ప్రాసెస్‌లకు పంచి, ఒక్కో ప్రాసెస్ నిర్ణీత సంఖ్యలో పనులు చేయగానే ముగిసి కొత్తది పుట్టేలా అమర్చితే, ముగిసిన ప్రాసెస్ మెమరీ అంతా నిశ్చయంగా వెనక్కి వస్తుంది. పైథాన్ మల్టీప్రాసెసింగ్‌లో ఇందుకు మ్యాక్స్‌టాస్క్స్‌పర్‌చైల్డ్ అన్న అమరిక ఉంది. దీన్ని మొరటు పద్ధతి అని చిన్నచూపు చూసేవారున్నారు గాని, వారం రోజులు నడిచే గణనకు ఇంతకన్నా నమ్మకమైనది లేదు.

ఇంత చేసినా గణన ఆగిపోయే అవకాశం మిగిలే ఉంటుంది కాబట్టి స్థితిని అప్పుడప్పుడు డిస్కు మీద భద్రపరచాలి. గ్రోమాక్స్ ఆ పనిని తనంతట తానే పదిహేను నిమిషాలకోసారి చేస్తుంది. సొంతంగా రాసుకునే ప్రోగ్రామ్‌లో స్థితిని ముందు తాత్కాలిక ఫైలులో పూర్తిగా రాసి, ఆ తరువాతే దాని పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టాలి; లేకపోతే రాస్తుండగా కరెంటు పోయినప్పుడు పాతదీ కొత్తదీ రెండూ చెడతాయి. యాదృచ్ఛిక సంఖ్యలు వాడే గణనలో ఆ సంఖ్యల జనకం ఏ స్థానంలో ఉందో కూడా భద్రపరచకపోతే, తిరిగి మొదలైన గణన మొదటిదానికి కొనసాగింపు కాజాలదు.

ర్యామ్ పూర్తిగా నిండినప్పుడు లినక్స్ కెర్నల్‌లోని ఓఓఎం కిల్లర్ ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని చంపుతుంది. తెరపై కిల్డ్ అన్న మాట, 137 అన్న నిష్క్రమణ సంఖ్య దాని ఆనవాళ్లు. ఎక్కువ మెమరీ పట్టుకున్నదాన్నే అది సాధారణంగా ఎంచుకుంటుంది గనుక, ఉమ్మడి సర్వర్‌పై ఒకరి అదుపులేని లూప్ వల్ల మూడు రోజులుగా సక్రమంగా నడుస్తున్న మరొకరి పెద్ద గణన పోవచ్చు. అందుకే యులిమిట్‌తోనో, పని వరుసలను నడిపే స్లర్మ్ వంటి వ్యవస్థలోనో తమ ప్రాసెస్‌కు తామే మెమరీ హద్దు విధించుకుని ప్రారంభించాలి. ఈ అధ్యాయం చదివేవారి యంత్రం మీద ఇప్పుడు ఏదైనా గణన నడుస్తూ ఉంటే, దాని ఆర్‌ఎస్‌ఎస్ అంకెను ఇప్పుడొకసారి, గంట తరువాత మరొకసారి రాసి పెట్టుకుని, రెండింటి తేడాను ఆ గంటలో జరిగిన ఆవృత్తులతో భాగించి చూడాలి.